మేకుకు వేలాడిన గ్యాస్కెట్లు

మా వ్యాను ఆగిపోయే ముందు ఒక వాసన వచ్చేది. కాగిన ఇనుము మీద నీళ్ళు చల్లితే వచ్చే వాసన. అది ముక్కుకు తగలగానే నేను ముందు చూసేది రోడ్డు వెనకవైపు. మా చెల్లెలి వ్యాను ఎంత దూరంలో ఉందో అని.

వస్తూనే ఉండేది. మా ఊళ్ళ నుంచి రాయదుర్గానికి రోడ్డు ఒకటే. జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్లకు ఆడవాళ్ళను చేర్చే వ్యాన్లన్నీ పొద్దున ఒకే వేళకు పోతాయి. మా ఆయన వ్యాను ముందు బయలుదేరేది. మా చెల్లెలు పక్క ఊళ్ళో ఉంటుంది, దాని మొగుడి వ్యాను మా వెనక వచ్చేది. వాళ్ళది వేరే యూనిట్ ట్రిప్పు. మా బండి ఆవిరి కక్కగానే మా ఆయన పక్కకు తీసి ఆపేవాడు. ఆడవాళ్ళందరూ టిఫిను డబ్బాలు పట్టుకుని దిగి, కంపచెట్ల నీడలో నిలబడి, నా వైపు చూసేవాళ్ళు. బండి నాది కదా. అంతలో మా చెల్లెలి వ్యాను వచ్చి ఆగేది. ముందు సీట్లోంచి అది తల బయటికి పెట్టేది.

"రాండక్కా, అందరూ రాండి. సర్దుకుంటే సరిపోతాది."

ఒకరి ఒళ్ళో ఒకరుగా అందరూ ఎక్కేవాళ్ళు. నేను మాత్రం ఎక్కేదాన్ని కాదు.

"మీరు పోండి. నేను బండి కాడ ఉంటా" అనేదాన్ని.

బండి దగ్గర నాకు పనేముంది? మా ఆయన రేడియేటరు చల్లారేదాకా బీడీ కాల్చుకుంటూ కూర్చునేవాడు, నేను దూరంగా రాయి మీద కూర్చునేదాన్ని. సగం పూట పని పోయేది. అయినా సరే, ఆ బండిలో వెనక ఇరుక్కుని, ముందు సీట్లో దర్జాగా కూర్చున్న నా చెల్లెలి జడను రాయదుర్గం దాకా చూస్తూ పోవడం కంటే ఎండే నయమనిపించేది. దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. అదంటే ప్రేమ లేక కాదు. చిన్నప్పుడు చంకనేసుకుని ఊరంతా తిప్పింది నేనే. కానీ దాని బండి ఆగదు, నా బండి ఆగుతుంది. ఈ ఒక్క ముక్క చాలు, మనిషిని కాల్చడానికి.

పైగా ఆ రెండు వ్యాన్లూ కవలలు. మూతపడిన ఒక ప్రైవేటు స్కూలు వాళ్ళు రెండింటినీ ఒకేసారి అమ్మారు. ఒకే ఏడాది బండ్లు, ఒకే ఇంజను. బేరం కుదిర్చింది మా నాయన. ఇద్దరు అల్లుళ్ళూ ఇంటిపట్టున ఉండి బతకాలని ఆయన ఆశ. అప్పటిదాకా మా ఆయన లారీ మీద పోయేవాడు. పోయిన మనిషి ఎప్పుడు వస్తాడో ఆ లారీకే తెలియాలి. స్కూలు ఆవరణలో రెండు బండ్లనూ నిలబెట్టి మా నాయన నాతో అన్నాడు:

"పెద్దదానివి నువ్వు. ముందు నువ్వు ఎంచుకోమ్మా. తర్వాత నాకు మాట రాకూడదు."

ఒక బండికి నీలం కర్టెన్లు ఉన్నాయి. సీట్ల మీద రెక్సిను ఎక్కడా చిరగలేదు. రెండో బండిలో సీట్లు చిరిగి స్పాంజి బయటికి వచ్చి ఉంది. నేను ఇంకేమీ చూడలేదు. నీలం కర్టెన్ల బండిని చేత్తో తట్టి "ఇదే" అన్నాను. చెల్లెలు మిగిలినదాన్ని తీసుకుంది. యూనిట్లో పారేసే జీన్సు ముక్కలు ఏరి తెచ్చి, సీట్లకు తానే కవర్లు కుట్టింది. అంతే, ఇక మా వ్యానులో ఆడవాళ్ళ నోట ఒకటే మాట: "మీ చెల్లెలి సీట్లు సూసినావా? ఎంత మెత్తగా ఉండాయో!" నా నీలం కర్టెన్లు మొదటి ఎండాకాలానికే వెలిసిపోయాయి.

ఆ ఎండాకాలంలోనే మా బండికి మొదటిసారి గ్యాస్కెట్ పోయింది. అప్పటిదాకా ఆ మాటే నేను వినలేదు. ఇంజను రెండు భాగాలట. కింద బ్లాకు, పైన దానికి మూతలా హెడ్డు. రెండింటి మధ్య, లోపలి మంటా నీళ్ళూ ఆయిలూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా పరిచే పలచటి రేకు అట్టే గ్యాస్కెట్. రాయదుర్గంలో మా మెకానిక్కు రేడియేటరు మూత తీసి, ఇంజను స్టార్టు చేయించి, నన్ను కూడా చూడమన్నాడు. నీళ్ళలో బుడగలు ఎసరు కాగినట్టు లేస్తున్నాయి.

"లోపలి గాలి నీళ్ళలోకి వస్తాండాది వదినా. గ్యాస్కెట్ కాలింది. మారిస్తే సరిపోతాది" అన్నాడు.

మార్చాడు. కొన్ని వారాలు బాగానే తిరిగింది. మళ్ళీ అదే వాసన. ఈసారి హెడ్డు వంగిందేమోనని విప్పి, లేత్ షాపులో దాని ముఖం చదును చేయించి, ఇంకో గ్యాస్కెట్ వేశాడు. మళ్ళీ కాలింది. రేడియేటరు కడిగించాడు, నీళ్ళ పంపు మార్చాడు, బోల్టులన్నీ కొత్తవి వేశాడు. బళ్ళారి నుంచి కంపెనీ గ్యాస్కెట్ తెప్పించాడు. నీళ్ళ దారిలో ఉండే చిన్న వాల్వును "మన ఎండలకు ఇది ఏమిటికన్నా, అడ్డం" అని పీకేశాడు. దాంతో పొద్దున పూట ఇంజను వేడెక్కక దగ్గడం మొదలుపెట్టింది గానీ మధ్యదారిలో ఉడకడం మాత్రం మానలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. బండి రిపేరుకిస్తే, తీసిన పాత సామాను ఇంటికి తెచ్చుకోవాలి. కొత్తది వేశానని చెప్పి పాతదాన్నే తుడిచి పెట్టే మహానుభావులుంటారు మరి. మా మెకానిక్కు అట్లాంటివాడు కాదు, అడగకముందే చేతిలో పెట్టేవాడు. మా ఆయన కాలిన గ్యాస్కెట్ తెచ్చి వంటింటి గోడకున్న మేకుకు తగిలించేవాడు. దాని మీద ఇంకొకటి. దాని మీద ఇంకొకటి. సంగటి గెలికేటప్పుడు ఎదురుగా అవే కనపడేవి.

ఊళ్ళో సలహాలకు కొదవా? నరుడి కంటికి నల్లరాళ్ళు పగులుతాయి, మీ బండికి దిష్టి తగిలిందన్నారు. నిమ్మకాయలూ మిరపకాయలూ కట్టాను. కడుతూ అనుకున్నాను: పొద్దస్తమానం కళ్ళలో నిప్పులు పోసుకునేది నేను, నా కన్ను తగిలితే చెల్లెలి బండికి తగలాలి. నా బండి పగలడమేం న్యాయం?

అన్నిటికంటే కాల్చింది మా నాయన మాట. ఒకసారి మా ఇంటికి వచ్చి, గోడ మీది గ్యాస్కెట్లు చూసి నిట్టూర్చాడు.

"చిన్నల్లుడు బండిని బిడ్డ మాదిరి సూసుకుంటాడు. అందుకే అది వానికి పలుకుతాండాది. తోలేటోడి చేతిలో ఉంటాదమ్మా అంతా."

మా ఆయన ఆ మాట విని బయటికి పోయాడు. ఆయన లారీ మీద కర్ణాటకంతా తిరిగిన మనిషి. స్టీరింగు పట్టడం ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. నాయన మీద ఎట్లాగూ అరవలేను కనుక ఆ కోపం కూడా చెల్లెలి లెక్కలోకే పోయింది.

దాని బండి రహస్యమేంటో తేల్చుకోవాలని ఒక ఆదివారం దాని ఇంటికి పోయాను. మాటల్లో పెట్టి అడిగాను:

"ఏమే, మీ బండికి ఏమన్నా పోస్తాండారా లోపల?"

"ఏముందక్కా! ఒకసారి రేడియేటర్లో సన్నగా నీళ్ళు కారుతాంటే చెంచాడు పసుపు వేసినాం. నిల్సిపోయింది. అంతే."

అంతేనట! ఇన్నాళ్ళూ నాకు చెప్పకుండా దాచిందని మండిపోతూ ఇల్లు చేరాను. అది చెంచాడు వేస్తే నేను తక్కువ వేస్తానా? మా ఆయన చూడకుండా డబ్బాలో ఉన్న పసుపంతా రేడియేటర్లో గుమ్మరించాను. మరుసటి పొద్దున బండి ఊరు దాటలేదు. గొట్టం ఊడి, బానెట్టు కింది నుంచి పచ్చటి నీళ్ళు రోడ్డంతా పారాయి. మా బండిలో వచ్చే ఒక పెద్దావిడ చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని అడిగింది:

"ఏమమ్మా, బండిని పెండ్లికూతురిని చేస్తాండావా?"

అందరూ పడీ పడీ నవ్వారు. వెనకనుంచి వచ్చిన మా చెల్లెలూ నవ్వింది. నన్ను చూసి వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ అడ్డం పెట్టుకోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది. నవ్వితే నవ్విందనుకునేదాన్ని.

ఆ వారమే మా యూనిట్ మేనేజరు మా ఆయనను పిలిపించాడు. పెద్ద ఆర్డరు మీద ఉన్నారు, మనుషులు వేళకు రాకపోతే మిషన్లు ఖాళీగా ఉంటాయి. "ఇంకొక్కసారి రోడ్డు మీద నిల్సిందంటే ఈ ట్రిప్పు మీ షడ్డకునికే ఇచ్చేస్తానన్నా. వానిది నిలవదు కదా" అన్నాడట. మా ఆయన ఇంటికి వచ్చి, ఈ సంగతి చెప్పి, అటకమీది నుంచి లారీ రోజుల్లో వాడిన దుప్పటి దింపి దులిపాడు. నాకు అర్థమైంది. ట్రిప్పు పోతే బండి ఇంటి ముందు ఎండుతుంది, మనిషి మళ్ళీ లారీ ఎక్కుతాడు. నా మొగుడు రోడ్ల పాలు, నా ట్రిప్పు నా చెల్లెలి పాలు. ఆ రెండింట్లో ఏది ఎక్కువ నొప్పి అని ఎవరైనా అడిగి ఉంటే అప్పుడు నేను జవాబు చెప్పలేకపోయేదాన్ని.

నేను యూనిట్లో కటింగు బల్ల దగ్గర పని చేస్తాను. బట్టను ఒక పొర మీద ఒక పొరగా పరిచి, అంచులు కలిపి, అన్నిటినీ ఒకేసారి కోస్తారు. ఆ రోజుల్లోనే ఒక లాటులో, ఎన్నిసార్లు కోసినా అడుగు పొర ముక్కకు ఒకే చోట పోగు లేచిపోయి వచ్చింది. మేం బట్టను తిట్టాం, మిషను బ్లేడును తిట్టాం. మా కటింగు మాస్టరు మాత్రం ముక్కలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, మచ్చ మీద మచ్చ సరిగ్గా పడిందని చూసి, బట్టనంతా పక్కకు తోయించాడు. బల్ల మీద అరచేయి ఆనించి మెల్లగా రాసుకుంటూ పోయాడు. ఒకచోట ఆగాడు. బల్ల చెక్కలోంచి మొల తల లేచి ఉంది.

"ఒకే చోట చెడిందంటే పైనదాన్ని అడగొద్దు. కిందదాన్ని అడగండి" అన్నాడు.

ఆ మాట విన్నప్పుడు నాకేమీ తోచలేదు. ఆదివారం వంటింటి గోడకు సున్నం కొట్టాలని మేకుకున్న గ్యాస్కెట్లు తీశాను. వాటిని నేల మీద పడేయబోయి, చేతి అలవాటు కొద్దీ పేర్చాను. రంధ్రానికి రంధ్రం, అంచుకు అంచు. కట్ట సరిచేసి ఒక్కొక్కటే పైకెత్తి చూస్తే, ప్రతిదానికీ నల్లటి మచ్చ ఒకే చోట. రెండో పెద్ద గుండ్రానికీ మూడోదానికీ మధ్య ఉండే సన్నటి పట్టీ మీద. సాదా గ్యాస్కెట్ అక్కడే కాలింది, కంపెనీది అక్కడే కాలింది, హెడ్డు చదును చేయించాక వేసిందీ అక్కడే కాలింది. సున్నం బకెట్టు అక్కడే వదిలేసి మా ఆయన్ను కేక వేశాను.

"ఏమే, గ్యాస్కెట్లు ఆరబెడతాండావా?" అంటూ వచ్చాడు. కూర్చున్నాడు. తానూ ఒక్కొక్కటి ఎత్తి చూశాడు. కట్టను చంకలో పెట్టుకుని, అన్నం కూడా తినకుండా మెకానిక్కు దగ్గరికి పోయాడు. నేనూ వెంట పోయాను.

మెకానిక్కు చాలాసేపు చూసి తల గోక్కున్నాడు. "నిజమే వదినా. హెడ్డు విప్పినప్పుడల్లా హెడ్డునే సూస్తాము. బ్లాకు ముఖాన్ని గుడ్డతో తుడిసి వదిలేస్తాము. అది చదును చేయాలంటే ఇంజనే కిందికి దింపాల, ఎవురూ దాని జోలికి పోరు."

హెడ్డు విప్పాడు. బ్లాకు మీద ఉక్కు బద్ద నిలువుగా ఆనించి, దాని కింద సన్నటి రేకు దూర్చి చూశాడు. అంతటా అడ్డం పడిన రేకు, రెండో సిలిండరుకూ మూడోదానికీ మధ్య ఇట్టే దూరిపోయింది.

"ఎవురో ఎప్పుడో నీళ్ళు లేకుండా తోలినారన్నా ఈ బండిని. ఇనుము ఆడ కూచుండిపోయింది. దానిమీద బంగారు రేకు వేసినా నిలవదు. ఇది మీరు కొనకముందు సంగతి" అన్నాడు.

నాకు ఎగిరి గంతేయాలనిపించింది. తోలేవాడి చేతిలో లేదు! మా నాయనను అక్కడికే పిలిపించి ఆ రేకు దూర్చి చూపించాలనిపించింది. ఆ సంతోషం ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. ఈ జబ్బు కొనకముందే ఉందంటే, స్కూలు ఆవరణలో నేను చేత్తో తట్టి "ఇదే" అన్న రోజునే ఉంది. రెండు బండ్లు నా ముందు పెడితే జబ్బుదాన్ని ఏరుకుని, మంచిదాన్ని నా చేతులతో చెల్లెలికి అప్పగించింది నేనే. కర్టెన్లు చూసి! ఇక దాని అదృష్టాన్ని తిట్టుకోవడానికి కూడా నాకు దారి లేకుండా పోయింది.

గుంతకల్లులో రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరైన ఒకాయనకు లేత్ షాపు ఉంది, బ్లాకు ముఖం ఆయన దగ్గరే చదును చేయించాలన్నాడు మెకానిక్కు. అది వచ్చేదాకా బండి కదలదు. ట్రిప్పు నిలవాలంటే మా ఆడవాళ్ళను వేళకు చేర్చే ఇంకో బండి కావాలి. ఆ రోడ్డు మీద ఇంకో బండి అంటే ఒకటే.

మా ఆయన నోరు తెరిచి అడగలేడు. నేనే పోయాను. చెల్లెలు వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. దారి పొడుగునా మాటలు కూర్చుకుని పోయాను గానీ సగం కూడా చెప్పనివ్వలేదు.

"తెల్లారిజామునే మా ఆయన ఒక ట్రిప్పు ముందు మీ వాళ్ళను దింపి, మళ్ళీ వచ్చి మావాళ్ళను తీసుకుపోతాడు. దానికి ఇంత బెదురు ఏమిటికక్కా?" అంది. ఒలిచిన చెనిక్కాయలు నా ఒళ్ళో పోసింది.

మరుసటి పొద్దున వ్యాను మా వాకిట్లో ఆగింది. ముందు సీటు ఖాళీగా ఉంది. మా మరిది దిగి తలుపు తీసి "కూకో వదినా" అన్నాడు. చెల్లెలు రాలేదు, రెండో ట్రిప్పులో వస్తుందట. ఆ సీటు నాకోసమే వదిలిందన్నమాట. కూర్చున్నాను. జీన్సు కవరు నిజంగానే మెత్తగా ఉంది. అది పొగరుబోతు అయితే నాకు ఎంత హాయిగా ఉండేదో. దాని బండి మీద, దాని మొగుడి పేరు మీద ఏడ్చింది చాలక, ఆ రోజు నుంచి దాని మంచితనం మీద కూడా ఏడవాల్సి వచ్చింది.

మా బ్లాకు గుంతకల్లు నుంచి అద్దంలా తిరిగి వచ్చింది. ముఖం కొంత కోసేశారు కనుక కాస్త మందం గ్యాస్కెట్ వేసి, పీకేసిన వాల్వు కూడా కొత్తది పెట్టి, బోల్టులు మధ్యనుంచి అంచులకు వరసగా బిగించాడు మెకానిక్కు. బుడగల్లేవు. మొదటి రోజంతా నేను ఆ వాసన కోసమే ముక్కు పెట్టుకుని కూర్చున్నాను. రాలేదు. వారాలు గడిచాయి. ఎండలు ముదిరాయి. రాలేదు. మా ఆయన లారీ దుప్పటి మళ్ళీ అటకెక్కింది. మేనేజరు ఆర్డరు కూడా వేళకు పోయింది.

ఆ ఎండల్లోనే ఒక పొద్దున, మా బండి కాస్త ఆలస్యంగా బయలుదేరింది. ముందు దూరంగా రోడ్డు పక్కన ఒక వ్యాను ఆగి ఉంది. బానెట్టు తెరిచి ఉంది. ఆవిరి. కంపచెట్ల నీడలో టిఫిను డబ్బాలతో ఆడవాళ్ళు. పిల్లి శాపాలకు ఉట్లు తెగవంటారు. ఇక్కడ తెగిపడి ఉంది. అబద్ధమెందుకు, నా గుండె ఒక్కసారి సంబరంతో ఎగిరింది. ఎన్నాళ్ళ నుంచి కాచుకున్న రోజు అది! మా ఆయన ఆపాడు. నేను ముందు సీట్లోంచి తల బయటికి పెట్టాను.

"రాండి, అందరూ రాండి. సర్దుకుంటే సరిపోతాది."

నోట్లోంచి వచ్చాక తెలిసింది అది ఎవరి మాటో. అందరూ ఎక్కారు. చెల్లెలు ఎక్కలేదు. దగ్గరికి కూడా రాలేదు.

"మీరు పోండి. నేను బండి కాడ ఉంటా" అంది.

అది నన్ను చూడటం లేదు. మా బండి ముందు భాగాన్ని చూస్తోంది. ఆవిరి రాని బానెట్టును, చుక్క కారని రేడియేటరును, వెలిసిపోయిన నీలం కర్టెన్లను. ఆ చూపు నాకు తెలుసు. అదేంటో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. నా సంబరం అక్కడే చచ్చింది. మా బ్లాకు గుంతకల్లులో ఉన్నన్నాళ్ళూ రెండు ట్రిప్పులకూ ఆ ఇంజనును రెండింతలు పరిగెత్తించింది మేమే అన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

నేను తలుపు తీసి, ముందు సీటు ఖాళీ చేసి, వెనక ఆడవాళ్ళ మధ్య ఇరుక్కున్నాను. అయినా అది రాలేదు. రాదని నాకు తెలుసు. బతిమాలితే ఇంకా కాలుతుందనీ తెలుసు. మా ఆయన హారను కొట్టబోతే వద్దన్నాను.

బండి కదిలేటప్పుడు కిటికీలోంచి ఒక్క మాట చెప్పాను:

"తీసిన గ్యాస్కెట్ పారేయొద్దని చెప్పవే మీ ఆయనకు. మేకుకు తగిలించు. నేను వచ్చి సూస్తా."

అది పలకలేదు. మొహం తిప్పుకుని పోయి రాయి మీద కూర్చుంది. నేనైనా పలికేదాన్ని కాదు.